బసవమ్మగారి మంచం మీద పున్నమ్మ

ఆ పొద్దున పున్నమ్మ చెట్టు కింద నిజంగానే స్పృహ తప్పి పడిపోయిందా, లేక కళ్ళు మూసుకుని పడుకుందా? నాకిప్పటికీ తేలలేదు. ఆమెనే అడగొచ్చు కదా అంటారు. ఆసుపత్రిలో ఉండగా ఒకసారి అడిగాను కూడా. "ఏదైతే ఏంటి బాబాయిగారూ, అంబులెన్సు వచ్చిందా లేదా?" అంది. నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి ప్రశ్నలకి చివరి పేజీకల్లా ఏదో ఒక జవాబు దొరికేది. పున్నమ్మ విషయంలో ఆ సౌకర్యం లేదు.

ముసునూరు రోడ్డులో నాదొక చిన్న తోట. దాని పక్కనే రవిచంద్ర పెద్ద తోట. మధ్యలో ముళ్ళకంచె ఒక్కటే. కాపు కాలంలో నేను చెట్ల కింద మంచం వేసుకుని పుస్తకం పట్టుకుని కూర్చుంటాను కాబట్టి కంచె అవతల జరిగేదంతా చెవిన పడుతుంది. వద్దనుకున్నా పడుతుంది. పున్నమ్మ గొంతు అలాంటిది.

ఆమె, ఆమె మొగుడు సవరయ్య, పూత వచ్చిన దగ్గర్నుంచి కాపు అయ్యేదాకా ఆ తోటలో పాక వేసుకుని కాపలా ఉంటారు. కోతలు మొదలయ్యాక పున్నమ్మ నూజివీడు షెడ్డుకి పోయి కాయ ఏరుతుంది. కుడిచేత్తో కాయ అందుకుని, తొడిమ దగ్గర బొటనవేలితో ఒక నొక్కు నొక్కి, మణికట్టు మీద ఒక తిప్పు తిప్పి, ఏ రకం ట్రేలో పడాలో ఆ ట్రేలో పడేస్తుంది. చూసేవాళ్ళకి ఆటలా ఉంటుంది గానీ ఆ ఇల్లు గడిచేది ఆ తిప్పు మీదే. నోరు మాత్రం ఏ ట్రేలోనూ పట్టదు. మచ్చకాయ అడుగున సర్దమని షావుకారు సైగ చేస్తే, "మీ పెళ్ళి ఫొటోలో కూడా మిమ్మల్ని వెనక వరసలోనే నిలబెట్టారేంటండీ?" అని అడిగే మనిషి.

తోట రవిచంద్రది అంటాం గానీ కాగితం మీద వాళ్ళమ్మ బసవమ్మగారిది. రవిచంద్రకి విజయవాడలో టైల్స్ షాపు. తల్లీ కొడుకులిద్దరూ అక్కడే, ఐదో అంతస్తులో. ఆవిడ ఈ తోట మొహం చూసి చాలా ఏళ్ళయింది. కానీ గవర్నమెంటు లెక్కలో ఆ తోటకి నీళ్ళు పెట్టేది, మందు కొట్టేది, కలుపు తీయించేది, కాయ కోయించేది అన్నీ డెబ్బై ఎనిమిదేళ్ళ బసవమ్మగారే. కాగితాల మీద మా ప్రాంతపు ముసలమ్మలంత కష్టజీవులు ఇంకెక్కడా దొరకరు.

మా తోటల్లో ఒక ఆనవాయితీ ఉంది. మామూలు రోజుల్లో రాలిన కాయ కూడా కాపు కొన్న షావుకారుదే. గాలివానకి రాలిన కాయ మాత్రం ఎవరు ఏరుకుంటే వాళ్ళది. ఇందులో మా దయాగుణం చూసి మేమే మురిసిపోతుంటాం. అయితే చిన్న మెలిక ఉంది. గాలి ఆగిన మరుక్షణం షావుకారు ట్రాక్టరు వేసుకుని వచ్చేస్తాడు. ట్రాక్టరు వచ్చాక అన్నీ ఆయనవే. అంటే ఆ ధర్మకాయ కావలసినవాళ్ళు గాలి వీస్తుండగా, కొమ్మలు విరుగుతుండగా ఏరుకోవాలి. ఇచ్చేవాడికి నష్టం లేకుండా దానం చేయడం మావాళ్ళు ఎప్పుడో నేర్చారు.

మొన్న మే నెలలో, గాలివాన వచ్చిన సాయంత్రం, అందరి ఫోన్లూ ఒక్కసారి కుయ్యిమన్నాయి. సవరయ్య తన ఫోను ఎత్తి పట్టుకుని చదివాడు. "పిడుగులతో కూడిన భారీ వర్షం. చెట్ల కింద ఉండరాదు."

"చెట్ల కింద వద్దంటే ఎక్కడ ఉండాలంట?" అంది పున్నమ్మ.

"అది రాయలేదు."

"అడుగు మరి. వాళ్ళకి నీ నంబరు తెలుసుగా."

అప్పటికే ఆకాశం నల్లబడింది. పాక మీద టార్పాలిన్ లేచి పక్క చెట్టుకి చుట్టుకుంది. బంగినపల్లి కాయ టపటపా రాలడం మొదలైంది. ఉప్పు వేసుకుంటే ఏడాది పొడుగునా ఇంట్లో ఊరగాయ ఉండే కాయ. పున్నమ్మ కొంగు బిగించి సంచులు పట్టుకుని దిగింది. చుట్టుపక్కల తోటల్లో కూడా ఆడవాళ్ళూ మగవాళ్ళూ వంగి ఏరుతూనే ఉన్నారు. నేను నా రేకుల గదిలో కూర్చుని, లోపలికి రమ్మని అరిచాను. గాలికి ఆమెకి వినిపించలేదో, వినిపించినా విననట్టు ఊరుకుందో. ఇంతలో ఒక కొమ్మ ఫెళ్ళుమంది. తల మీద పడకుండా కుడిచెయ్యి అడ్డం పెట్టుకుంది. తల దక్కింది.

వాన తగ్గాక చూస్తే మణికట్టు దగ్గర చెయ్యి ఉండాల్సిన వరసలో లేదు. అంబులెన్సు నంబరుకి ఫోన్ చేసింది నేనే.

"ఎక్కడండీ?" అంది అవతల అమ్మాయి.

"ముసునూరు రోడ్డు. రవిచంద్రగారి తోట."

"ల్యాండ్‌మార్క్ చెప్పండి సార్."

"మామిడి తోటమ్మా."

"దాని పక్కన ఏముంటుంది?"

"మామిడి తోట."

"ఎదురుగా?"

"ఎదురుగా కూడా మామిడి తోటే తల్లీ."

"మీరిలా చెబితే బండి ఎలా పంపించగలం సార్?"

ఆ పిల్లని ఏమనగలం? ఎక్కడో ఊళ్ళో, అద్దాల గదిలో కూర్చున్న పిల్ల. గుడో, బడో, పెట్రోలు బంకో పక్కనుంటే తప్ప మనిషి చెయ్యి విరగకూడదన్నది ఆమె పెట్టిన నియమం కాదు. చెట్లు పడి రోడ్డు మూసుకుపోయిందట, తెరిచాక మళ్ళీ చేయమంది.

మర్నాడు సవరయ్య తన పాత మోపెడ్ మీద పున్నమ్మని కూర్చోబెట్టుకుని, పడిన చెట్ల పక్కన బురదలోంచి తోసుకుంటూ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. ఎముకల డాక్టరుగారు తుఫాను శిబిరంలో ఉన్నారన్నారు అక్కడ. శిబిరం ఇంకో ఊరి బడి ఆవరణలో. అక్కడికి వెళ్ళారు. షామియానా, కుర్చీలు, బ్యానరు మీద నాయకుల బొమ్మలు. బల్ల దగ్గర కూర్చున్నతను తలెత్తకుండా అడిగాడు.

"పంట నష్టమామ్మా?"

"చెయ్యి విరిగిందండీ."

"అది సరే. ఎన్ని ఎకరాలు?"

"చెయ్యి ఒకటేనండీ."

అప్పుడు తలెత్తాడు. ఈ శిబిరం పంట పోయిన రైతుల మనోధైర్యం కోసం పెట్టిందని, ఎముకలు ఇందులోకి రావని, డాక్టరుగారు ఇప్పుడే ఆసుపత్రికి బయల్దేరారని చెప్పాడు. వచ్చినదాన్ని ఊరికే పంపడం ఎందుకని విరగని చేతికి బీపీ చూశారు. బ్రహ్మాండంగా ఉందన్నారు. విరేచనాలకి కలుపుకుని తాగే పొట్లాలు రెండు చేతిలో పెట్టారు. "గాలివానలో చెట్టు కిందికి ఎందుకెళ్ళావమ్మా, ఫోన్లో మెసేజ్ రాలేదా?" అని ఒక నర్సు మందలించింది. మళ్ళీ ఆసుపత్రికి పోతే డాక్టరుగారు శిబిరం నుంచి ఇంకా రాలేదు. ఎక్స్‌రే గదిలో అబ్బాయి, డాక్టరు రాస్తేనే తీస్తానన్నాడు. డాక్టరు, రోగి ఒకరికొకరు ఎదురుపడకుండా రోజంతా తిరగడానికి ఎంత నేర్పు కావాలో!

సాయంత్రానికి తిరిగొచ్చి కంచె దగ్గర నిలబడింది. చెయ్యి సవరయ్య తువ్వాలులో వేలాడుతోంది. వేళ్ళు వాచి నిగనిగలాడుతున్నాయి.

"నాటుకట్టు వేయించుకోమంటున్నారు బాబాయిగారూ," అంది.

"మరి?"

"మా మేనత్త వేయించుకుంది. అతుక్కుంది, కాకపోతే వంకరగా. గిన్నె పట్టుకుంటది, కాయ తిప్పలేదు. నొక్కి తిప్పలేనిదాన్ని షెడ్డులోకి ఎవరు రానిస్తారు?"

"ఎడంచేత్తో అలవాటు చేసుకుంటే..."

"పేజీ తిప్పినంత సులువనుకున్నారా?" అని వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఉండే వెటకారం ఉంది గానీ గొంతు కింద భయం కూడా ఉంది. ఎముక అతుక్కోవడం మొదలుపెట్టకముందే ఎవరో ఒకరు దాన్ని లాగి వరసలో పెట్టాలి. ఎముక శిబిరాల కోసం ఆగదు.

ఆ మర్నాడు పొద్దున తోటల నష్టం రాసుకునేవాళ్ళు వచ్చారు. వాళ్ళకి మాత్రం ల్యాండ్‌మార్క్ అక్కర్లేకపోయింది. ప్రతి తోటా వాళ్ళ ఫోన్లో మ్యాపు మీద పచ్చగా మెరుస్తోంది. వాళ్ళలో సింధూర అనే అమ్మాయి, ఉద్యానశాఖలో చిన్న ఉద్యోగి, నన్ను కంచె దగ్గర చూసి పలకరించింది.

"బసవమ్మగారు ఉన్నారాండీ? రాలిన కాయతో పాటు రైతు కూడా ఫొటోలో ఉండాలి. లేకపోతే ఈ యాప్ తీసుకోదు."

"ఆవిడ ఇక్కడ ఉండరమ్మా..." అని నేను అంటుండగానే లోపల్నుంచి ఒకతను కేక పెట్టాడు. పెద్ద బంగినపల్లి చెట్టు కింద, రోడ్డు మూసుకుపోయి షావుకారు ట్రాక్టరు రాక ఇంకా అలాగే పరుచుకున్న కాయల మధ్య, పున్నమ్మ వెల్లకిలా పడి ఉంది. సవరయ్య నీళ్ళకి బోరు దగ్గరికి పోయాడు.

సింధూర పరిగెత్తి మొహం మీద నీళ్ళు చల్లింది. "అమ్మా! అమ్మా!" అంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అదే సమయంలో వెనకాల ఉన్నతని చేతిలో ఫోను, కాయలూ మనిషి మొహమూ ఒకే చట్రంలో దొరికినందుకు సంతోషించి, పచ్చ గుర్తు చూపించింది. అతను నొక్కేశాడు. ఫొటో పైకి పోయింది. దాని కింద యాప్ తనంతట తానే పేరు వేసుకుంది: రైతు బసవమ్మ.

ఒక సంగతి చెప్పాలి. మా ప్రాంతంలో మామిడి పోయి మనిషి పడిపోయిందంటే ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు. అది మాకు తెలిసిన జబ్బు. కాయ పోయినవాడు ఏడిస్తే కుర్చీ వేస్తాం, కాఫీ ఇస్తాం, భుజం మీద చెయ్యి వేస్తాం. అదే కాయ ఏరుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నదానికి బుద్ధి చెబుతాం. అందుకే ఆ ఫొటో చూసినవాళ్ళలో ఒక్కరికీ ఆ తువ్వాలు ఏంటి, ఆ వాచిన వేళ్ళేంటి అని అనుమానం రాలేదు. ఫొటో గ్రూపుల్లో తిరిగింది. టీవీలో కింద అక్షరాలు పరిగెత్తాయి: నేలరాలిన మామిడిని చూసి సొమ్మసిల్లిన మహిళా రైతు.

ఆ తరవాత జరిగింది చూస్తే మన వ్యవస్థకి చేతకానిది ఏదీ లేదనిపిస్తుంది. పడిన చెట్లని తోసేయడానికి జేసీబీ వచ్చింది. దాని వెనక ఒకటి కాదు, రెండు అంబులెన్సులు. ఎవరు ముందు ఎక్కించుకోవాలా అని డ్రైవర్లు కాసేపు వాదించుకున్నారు. సవరయ్య నా చెయ్యి పట్టుకుని, "మీరు కూడా రండి బాబాయిగారూ, వాళ్ళ మాటలు నాకు తెలియవు," అన్నాడు. ఎక్కాను.

"పేషెంటుకి మీరేమవుతారు?" అన్నాడు లోపలున్న అబ్బాయి.

"పక్క తోట," అన్నాను. గౌరవంగా సీటు చూపించాడు. సవరయ్యని పనివాడనుకుని కింద కూర్చోబెట్టాడు.

ఆసుపత్రి వరండాలో స్ట్రెచరు తోస్తుంటే, చాప మీద పడుకున్న మనిషి ఒకడు మోచేతి మీద లేచాడు. మా చిన్నరాయప్ప. చెట్లెక్కి కాయ కోసేవాడు. అదే గాలివానలో కాలు విరిగి రెండు రోజులుగా అక్కడే ఉన్నాడు, ఎముకల డాక్టరు కోసం. "పున్నమ్మక్కా!" అని అరిచాడు. పున్నమ్మ కళ్ళు ఇంకాస్త గట్టిగా మూసుకుపోయాయి. స్ట్రెచరు వెళ్ళిపోయింది.

ప్రత్యేక గది ఇచ్చారు. ఏసీ, కొత్త దుప్పటి. గుండె చూశారు, షుగరు చూశారు, కళ్ళలోకి లైటు వేసి చూశారు. కేసు కాగితం మీద వయసు చూసి కుర్ర డాక్టరు ఆశ్చర్యపోయాడు. "డెబ్బై ఎనిమిదా! యాభై కూడా అనిపించట్లేదే!"

"తోట గాలండీ," అన్నాడు సవరయ్య మూల నుంచి. డాక్టరు నమ్మాడు.

తరవాత ధైర్యం చెప్పే ఆవిడ వచ్చింది. మంచం పక్కన కూర్చుని, పున్నమ్మ ఎడంచెయ్యి నిమురుతూ, "దిగులు పడకండమ్మా. ఈ ఏడు పోయినా వచ్చే ఏడు మళ్ళీ కాస్తుంది," అంది.

"చెయ్యి కూడానా అండీ?" అంది పున్నమ్మ.

అప్పుడు చూశారు చెయ్యి. పడినప్పుడు తగిలి ఉంటుందన్నారు. శిబిరంలో ఉన్న ఎముకల డాక్టరుకి ఫోను వెళ్ళింది. రెండు రోజులు దొరకని మనిషి టీ చల్లారేలోపు వచ్చాడు. ఎక్స్‌రే తీయించాడు. ఎముక పక్కకి జరిగిందని, మత్తు ఇచ్చి లాగి సరిచేసి పిండికట్టు వేయాలని, రాత్రి నుంచి ఏమీ తినకుండా ఉంటే పొద్దున్నే చేస్తానని చెప్పాడు. అతను పనిమంతుడు, మర్యాదస్తుడు కూడా. అతన్ని ఎక్కడ ఉంచాలో నిర్ణయించేవాళ్ళు వేరే.

పొద్దున దాకా. ఆ ఒక్క రాత్రి గడవాలి. పున్నమ్మ పైకప్పు కేసి చూస్తూ పడుకుంది. ఈలోపు ఎవరైనా నువ్వు బసవమ్మవి కాదంటే మళ్ళీ వరండా, చాప, ఎముకల డాక్టరు క్యాంపు.

మొదట కనిపెట్టింది నర్సు షీబా. సెలైను సీసా మార్చడానికి వచ్చి, మొహంలోకి చూసి ఆగిపోయింది.

"పున్నమ్మత్తా? షెడ్డులో మా అమ్మ పక్క బల్ల నీదే కదూ?"

సవరయ్య నా వైపు చూశాడు.

"ఇక్కడ బసవమ్మ అని రాసుంది," అంది షీబా, కాగితం తిప్పుతూ. "రాసింది పెద్ద డాక్టరుగారు. ఆయన రాసింది తప్పని చెప్పడానికి నేనెవర్ని? ఆ పేరుతో పిలిస్తే పలుకు, చాలు."

"చెవులు పనిచేస్తున్నాయిలే," అంది పున్నమ్మ.

సాయంత్రం రవిచంద్ర వచ్చాడు. టీవీలో తల్లి పేరు చూసి అదిరిపడి ఇంట్లోకి పరిగెత్తాడట. ఆవిడ సోఫాలో కూర్చుని అదే టీవీ చూస్తోందట. తలుపు తోసుకుని వచ్చి, మంచం మీద మనిషిని చూశాడు.

"ఏంటిది పున్నమ్మా? మా అమ్మ పేరు పెట్టుకుని ఇక్కడ పడుకున్నావా? సిగ్గుందా?"

"నేను పెట్టుకోలేదు బాబూ. మీ ఫోన్లే పెట్టాయి."

"ఇప్పుడే డాక్టరుకి చెబుతాను."

"చెప్పండి," అంది నెమ్మదిగా. "నేను కాదంటే, మరి బసవమ్మగారు ఏరీ అంటారు. విజయవాడలో ఉందంటారు మీరు. అక్కడ కూర్చుని ఇక్కడ సేద్యం ఎలా చేస్తోంది అంటారు వాళ్ళు. ఆ ఫొటో కొట్టేస్తారు. ఫొటోతో పాటు ఇంకేం కొట్టేస్తారో మీకే తెలియాలి. చదువుకున్నవాళ్ళు."

రవిచంద్ర నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి, బాబాయ్." నేను కిటికీలోంచి బయటికి చూశాను. బయట చూడటానికి ఏమీ లేదు, సైకిల్ స్టాండు తప్ప.

అతను ఏదో అనబోతుండగా తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. స్థానిక నాయకుడు, వెనక పదిమంది, వాళ్ళ వెనక కెమెరాలు. చేతిలో యాపిల్ పళ్ళ బుట్ట. మామిడి పోయిందని పడిపోయిన మనిషిని నూజివీడులో యాపిల్ పళ్ళతో ఓదార్చడం మర్యాద.

"మీరు అబ్బాయి కదూ?" అన్నాడు నాయకుడు రవిచంద్రతో.

రవిచంద్ర ఒక్క క్షణం తటపటాయించాడు. తోట, ఫొటో, కెమెరాలు, అన్నీ ఆ క్షణంలో అతని మొహం మీద నడిచిపోయాయి. "అవునండీ," అన్నాడు.

"అమ్మ దగ్గర కూర్చోండి. ఆ, అలా. చెయ్యి పట్టుకోండి."

కూర్చున్నాడు. పట్టుకున్నాడు. నాయకుడు మంచం మీది మనిషి మొహం కేసి ఒక్కసారి కూడా చూడలేదు. అతని కళ్ళు కెమెరా మీంచి కదల్లేదు. రైతు కన్నీరు తుడుస్తామన్నాడు. కన్నీరు ఎవరికీ లేదు. రవిచంద్రకి మాత్రం చెమట పట్టింది.

అప్పుడు పున్నమ్మ గొంతు సవరించుకుంది.

"అబ్బాయీ," అంది రవిచంద్రతో. బంగినపల్లి రసంలా చిక్కగా, తియ్యగా. "మన చిన్నరాయప్ప వరండాలో నేల మీద పడున్నాడు చూశావా? కాలు విరిగి రెండు రోజులైందంట. మన తోటలో కాయ కోసేవాడు. వాడిని అలా వదిలేస్తే నలుగురూ ఏమనుకుంటారు? డాక్టరుగారికి చెప్పు నాయనా."

కెమెరాలన్నీ రవిచంద్ర వైపు తిరిగాయి.

"అలాగేనమ్మా," అన్నాడు అతను. పళ్ళ మధ్య నుంచి వచ్చింది గానీ అందరికీ వినిపించింది.

"అమ్మ మనసు చూశారా!" అన్నాడు నాయకుడు కెమెరాతో. "తాను ఇంత కష్టంలో ఉండి పనివాళ్ళ గురించి ఆలోచిస్తోంది!" వెంటనే చిన్నరాయప్పని లోపలికి తేవాలని ఆజ్ఞ అయింది. నలుగురు పరిగెత్తారు. చాపతో సహా మోసుకొచ్చారు. మంచం దాటిస్తున్నప్పుడు చిన్నరాయప్ప ఆమెని చూసి, అంతమందిని చూసి, రెండు చేతులూ జోడించి, "దండాలు దొరసానీ," అన్నాడు. తెలివైనవాడు, అందుకే ఇన్నేళ్ళు చెట్టు మీంచి పడలేదు. గాలివానకి మాత్రం ఏ తెలివీ పనిచేయలేదు, కింద నిలబడి ఉండగా కొమ్మ వచ్చి పడింది.

అందరూ వెళ్ళాక రవిచంద్ర చెయ్యి వదిలేసి, రుమాలుతో తుడుచుకున్నాడు.

"యాపిల్ తింటారా బాబూ?" అంది పున్నమ్మ. "నన్ను రాత్రికి ఏమీ తినొద్దన్నారు."

పొద్దున్నే ఎముక సరిచేశారు. నేను ఇడ్లీ పొట్లం పట్టుకుని వెళ్ళేసరికి కట్టు గది బయట బల్ల మీద కూర్చుని ఉంది. మోచేతి దాకా తెల్లటి పిండికట్టు. వేళ్ళు బయటికి ఉన్నాయి. ఒక్కొక్క వేలూ కదిపి చూసుకుంటోంది, అన్నిటికన్నా చివర బొటనవేలు. డాక్టరు ఎక్స్‌రే ఎత్తి లైటు కేసి చూపించి, "వరసలోకి వచ్చిందమ్మా. బాగా అతుక్కుంటుంది," అన్నాడు. ఆమె మొహంలో ఆ రెండు మూడు రోజుల బిగువు జారిపోవడం చూశాను. వెటకారం చేయాలని కూడా గుర్తు రాలేదు ఆమెకి.

అంతలో ఆసుపత్రంతా గగ్గోలు. స్థానిక నాయకుడి కన్నా పెద్దాయన ఒకాయన స్వయంగా పరామర్శకి వస్తున్నాడట. నష్టపరిహారం అక్కడికక్కడే మంజూరట. రైతు వేలిముద్ర వేయాలట. పున్నమ్మ వేలు బసవమ్మ వేలు కాదు. ఎంత అందంగా అబద్ధం రాసినా వేలిముద్ర దగ్గర దొరికిపోతుంది కదా. రవిచంద్ర అప్పటికే కారు పంపించాడు.

దిగారు బసవమ్మగారు. బంగారు అంచు చీర, చేతిలో చిన్న సంచి, అందులో బీపీ మాత్రలు. కొడుకూ డ్రైవరూ చెరో పక్కా పట్టుకుని ప్రత్యేక గదిలోకి నడిపించారు.

"ఎవర్ని చూడటానికొచ్చాంరా?" అందావిడ.

"నిన్నే అమ్మా. ఆ మంచం ఎక్కు."

"నాకేమైందీ?"

"తోటలో కాయ రాలిందిగా. నువ్వు పడిపోయావు."

"ఏ తోటలో?"

"మన తోటలో అమ్మా!"

"ముసునూరుదా? అది అమ్మేయలేదూ?"

రవిచంద్ర నుదురు కొట్టుకున్నాడు. పడుకోబెట్టాడు. దుప్పటి గడ్డం దాకా కప్పాడు. ఇంకో చిక్కు వచ్చింది. నిన్న టీవీలో అందరూ చూసిన బసవమ్మకి కుడిచేతికి దెబ్బ ఉంది. ఈ బసవమ్మ రెండు చేతులూ బంగారు గాజులతో నిక్షేపంగా ఉన్నాయి.

"సిస్టర్, ఒక కట్టు కట్టండి," అన్నాడు షీబాతో.

"ఏ దెబ్బకి సార్?"

"దెబ్బ లేదు. కట్టు కావాలి."

"దెబ్బ లేకుండా కట్టు ఇవ్వాలంటే డాక్టరుగారు రాయాలి సార్," అంది షీబా. రాయడానికి ఒక డాక్టరు దొరికాడు. దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. మత్తు కూడా అక్కర్లేకుండా, ఎక్స్‌రే కూడా అడగకుండా, బసవమ్మగారి ఏ దెబ్బా లేని చేతికి తెల్లటి కట్టు చుట్టడం మొదలైంది. గాజులు తియ్యనని ఆవిడ గోల. ఒకరు గాజులు పట్టుకున్నారు, ఒకరు కట్టు పట్టుకున్నారు, ఒకరు వేలిముద్రల మిషను ఏ పక్క పెట్టాలో చూస్తున్నారు. వార్డుబాయిల దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా ఆసుపత్రిలో చేతులున్న ప్రతివాడూ ఆ గదిలోనే ఉన్నాడు.

గుమ్మంలో నిలబడి ఆ వేడుక చూస్తున్న నన్ను షీబా పక్కకి పిలిచింది. "బాబాయిగారూ, కాగితాలన్నీ బసవమ్మగారి పేరునే ఉన్నాయి. కట్టు విప్పే రోజుకి అత్త ఏ పేరుతో వస్తుంది? పున్నమ్మంటే, ఇక్కడి కాగితాల్లో చెయ్యి విరిగిన పున్నమ్మే లేదు."

ఆ మాట చెబుదామని వెనక్కి తిరిగాను. కట్టు గది బయట బల్ల ఖాళీగా ఉంది. ఎక్స్‌రే కవరు కూడా లేదు.

వరండాలోకి వచ్చాను. పున్నమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది. పిండికట్టు చెయ్యి తువ్వాలులో గుండెకి ఆనించుకుని, ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని, ఎడంచేత్తో చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, నీళ్ళు నిలిచిన చోట చూసి చూసి అడుగు వేస్తోంది. సవరయ్య మోపెడ్ స్టార్టు చేసి ఉంచాడు. నేను పిలవబోయాను. చేతిలో ఇడ్లీ పొట్లం ఇంకా వెచ్చగానే ఉంది.

గేటు దగ్గర వాళ్ళని కానిస్టేబులు ఆపేశాడు. పెద్దాయన కార్లు లోపలికి వస్తున్నాయి, బండి పక్కకి తియ్యమని లాఠీతో చూపించాడు. సవరయ్య గోడవార నిలిపాడు. కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, బురదనీళ్ళు చిమ్ముకుంటూ, లైట్లు వేసుకుని. పున్నమ్మ వాటిని చూడలేదు, ఆసుపత్రి వైపూ చూడలేదు. బండి మీద పక్కకి కూర్చుని, కట్టు వేసిన చేతికి బురద తగలకుండా మీద కొంగు కప్పుకుంది. చివరి కారు లోపలికి వచ్చాక మోపెడ్ కదిలింది. ముసునూరు రోడ్డు వైపు తిరిగి పోయింది.

నాతో ఒక్క మాట చెప్పలేదు.